ఊక బూడిద, బంగారు అద్దం

భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో, చలిలో, ఒంటరిగా నిలబడి ఆకాశాన్ని ఫోటోలు తీసే పెద్ద టెలిస్కోప్ ఒకటుంది. దాని అద్దం పద్దెనిమిది పలకలు. ఒక్కో పలక పెళ్ళి వంటల గంగాళం మీది మూతంత. ఆ అద్దం అంత నిగనిగలాడుతోందంటే కారణం మా మిర్యాలగూడ. అక్కడి రైసు మిల్లు బాయిలరులో కాలిన ఊక బూడిదతోనే దాన్ని తోమారు. ఆ బూడిదను మూడుసార్లు జల్లెడ పట్టి, సంచికెత్తి, మూతి కుట్టింది ఈ చేతులే.

నవ్వకండి. ఈ మాట నమ్మినవాళ్ళు నలభై ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు బడి హాజరు పట్టీలో ఉన్నాయి, కావాలంటే వెళ్ళి చూసుకోండి. నలభై మూడో మనిషి సంగతి తర్వాత చెబుతాను. ఆయనది కొంచెం పెద్ద ఉద్యోగం.

నా పేరు జయరాజు. ఐదో తరగతి దాకా ఊరి బడిలో చదివాను. ఆరో తరగతికి నేను నచ్చలేదు. ముప్పై నాలుగేళ్ళు మిర్యాలగూడ మిల్లులో బియ్యం శాంపిల్ చూసే పని చేశాను. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చితే గుప్పెడు బియ్యం జారుతాయి. వాటిని నల్ల పళ్లెంలో పరిచి వేలితో జరుపుతూ మంచి గింజ ఒకవైపు, నూక ఒకవైపు, రంగు మారింది ఒకవైపు వేరు చేయాలి. సరుకు మంచిదైతే బస్తా మూతి మీద నా ముద్ర పడుతుంది. లేకపోతే లారీ వెనక్కి తిరుగుతుంది. మోకాళ్ళు పోయాయి గానీ కళ్ళు మాత్రం ఇప్పటికీ నా మాట వింటాయి.

ఇప్పుడు సూర్యాపేటలో మా బిడ్డ దీప ఇంట్లో నేనూ, మా దేవమ్మా ఉంటున్నాం. ఉంటున్నామంటే దేవమ్మ ఉంటోంది, నేను ఆమెకు అడ్డంగా ఉంటున్నాను. అల్లుడికి దామరచర్ల కరెంటు ప్లాంటులో పని. శనివారం వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు.

దీప చివ్వెంల దగ్గర ఒక ఊళ్ళో సర్కారు హైస్కూలు సైన్సు టీచరు. అమెరికా అంతరిక్ష సంస్థవాళ్ళు రోజుకొక ఆకాశం ఫోటో పెడతారు. ఒకరోజు తోకచుక్క, ఒకరోజు శని, ఒకరోజు పేరు నోరు తిరగని రంగుల పొగ. కింద ఇంగ్లీషులో వివరం ఉంటుంది. దీప రోజూ పొద్దున ఆరింటికి అది చదివి, నాలుగంటే నాలుగు వాక్యాలు తెలుగులో రాసి, ఎనిమిదో తరగతి పిల్లల ఇళ్ళ ఫోన్లకు పంపేది. బడిలో ప్రార్థన అయ్యాక పది నిమిషాలు ఆ ఫోటోనే పెద్ద టీవీలో చూపించేది. పదేళ్ళ ఉద్యోగంలో పాఠం సర్కారుది, పరీక్ష సర్కారుది, సెలవు కూడా సర్కారుదే. ఆ పది నిమిషాలు మాత్రం తనవి. దాని మొహం చూస్తే తెలిసేది. ఫోటో బాగున్న రోజు స్కూటీ కూడా వేగంగా పోయేది.

హెడ్మాస్టరు వీరేశం సారు ఒకే ఒక్క షరతు పెట్టి ఒప్పుకున్నారు. తప్పు మాట ఒక్కటి పిల్లల చెవిలో పడినా మర్నాటి నుంచి బంద్ అని. ఆ షరతు నాకు తెలుసు. తెలియదని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు.

ఒకనాడు చాయ్ తాగుతుంటే దీప తన ఫోన్ నా ముందు పెట్టింది. నల్లటి ఆకాశం నిండా చుక్కలు. నాకైతే నల్ల పళ్లెంలో బియ్యం పోసినట్టే ఉంది. అలవాటు ఊరుకుంటుందా, వేలు దానంతట అదే వెళ్ళి గింజను జరిపింది. గింజ జరగలేదు, ఫోటో మొత్తం జరిగిపోయి అల్లుడి ఫోటో వచ్చింది. దీప విసుక్కుంటూ మళ్ళీ ఆకాశాన్ని తెచ్చింది.

"బిడ్డా, ఇది కల్తీ సరుకు," అన్నాను. "రెండు రకాలు కలిపిండ్రు. కొన్నిటికి కొమ్ములున్నయ్, కొన్నిటికి లేవు."

దీప నన్నొకసారి చూసి, కింద ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టింది. చాయ్ చల్లారేదాకా చదివింది. కొమ్ములున్నవి మన పాలపుంతలోనే ఉన్న దగ్గరి నక్షత్రాలట. నిజానికి నక్షత్రానికి కొమ్ములుండవు. అద్దం పలకలకు తగిలి వెలుగు అలా చీలుతుందట. కొమ్ములు లేకుండా మసకమసకగా ఉన్నవి చాలావరకు చుక్కలే కావట. ఒక్కొక్కటీ ఒక్కో నక్షత్రాల గుంపు, మన పాలపుంత లాంటిది.

"అంటే ఈ చిన్న గింజ ఒక్కటే ఒక మిల్లు అన్నట్టా?"

"మిల్లు కాదు నాయినా. మిల్లు, గోదాము, గా వడ్లు పండిన పొలాలు, అన్ని కలిపి."

ఆ రోజు నేను అన్నం తక్కువ తిన్నాను. వంట బాగాలేదేమోనని దేవమ్మ మొహం మాడ్చుకుంది.

అప్పటినుంచి మా బిడ్డకు నేను జీతం లేని గుమాస్తాను. ఇంగ్లీషు మాటకు తెలుగు దొరకకపోతే నన్ను అడిగేది. నక్షత్రాల గుంపు చేతులు చాపి గిర్రున తిరిగినట్టుంటే ఏమనాలని అడిగితే, తూర్పారబట్టేటప్పుడు సుడిగాలి వస్తే పొల్లు తిరిగినట్టు అని రాయమన్నాను. రాసింది. బడి పక్కనున్న తండాలో ముసలివాళ్ళు కూడా అది విని తలూపారట.

వానాకాలంలో దీపకు గొంతు పోయింది. తండాలో చాలామంది పెద్దలకు చదువు రాదని, అప్పటిదాకా ఆ వాక్యాలను తనే చదివి గొంతు కూడా పంపేది. అందుకని తను రాసిన నాలుగు వాక్యాలను నన్ను చదివి గ్రూపులో పంపమంది. చదివాను. నాలుగూ అయ్యాక ఐదోది ఒకటి నోట్లో ఊరికే కూర్చుని ఉంది. దాన్నీ పంపాను.

అంగారకుడు ఎర్రగా ఎందుకున్నాడంటే అక్కడ ఎవరో ఇటుక బట్టీ పెట్టి మంట ఆర్పడం మరిచిపోయారని. చంద్రుడు తన గుంటలను మా ఊరి రోడ్డును చూసి నేర్చుకున్నాడని. పిల్లలు పడీ పడీ నవ్వారు. దీప మొదట కసిరింది. నా ఐదో వాక్యం కోసమైనా ముందటి నాలుగూ వింటున్నారని తెలిశాక కొంచెం మెత్తబడింది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. "నాయినా, నవ్వొచ్చేదే చెప్పు. నమ్మేటిది చెప్పకు."

ఎంత మంచి మాట. దాన్ని నేను ఎనిమిది రోజులు పాటించాను.

తొమ్మిదో రోజు ఆ పెద్ద టెలిస్కోప్ ఫోటోనే వచ్చింది. దీప రాసిన నాలుగు వాక్యాలు: అది భూమికి ఎంత దూరంలో ఉందో, పలకలెన్నో, వాటి మీద పలచటి బంగారు పూత ఎందుకు పూశారో, అది ఎంత చలిలో ఉండాలో. నేను ఐదోది కలిపాను. మీరు మొదట్లో చదివింది అదే.

మా దిక్కున ఇత్తడి గిన్నె తళతళలాడాలంటే ఊక బూడిదతో తోముతారు. మిర్యాలగూడ మిల్లుల వెనక ఆ బూడిద గుట్టలు గుట్టలు. ఇటుక బట్టీ మాటకు నవ్వినవాళ్ళెవరూ ఈ మాటకు నవ్వలేదు. నవ్వలేదన్నది నేను గమనించాను. గమనించీ ఊరుకున్నాను.

నెల తిరక్కుండానే బడి చూడడానికి ఒక అధికారి వచ్చారు. కోదాడ మనిషి, మాట మెత్తన. ఎనిమిదో తరగతిలో గోడ మీద అంటించిన టెలిస్కోప్ బొమ్మ చూసి, దీని గురించి ఎవరైనా చెబుతారా అని అడిగారట. తండా నుంచి వచ్చే సింధు లేచింది. ఆ పిల్ల క్లాసులో ఎప్పుడూ మొదట లేచే పిల్ల. నాలుగు వాక్యాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అధికారి మెచ్చుకున్నారట. ఆ మెప్పుతో ఐదోదీ చెప్పింది. మన మిర్యాలగూడ బూడిదతోనే తోమారని, గొంతు పెంచి.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"జయరాజు తాత, సార్."

ఇంకెవరు నమ్ముతున్నారని అడిగితే క్లాసంతా చేతులెత్తింది. నలభై రెండు చేతులు. ఆయన నవ్వలేదు, కసరలేదు. అది నిజం కాదని పిల్లలకు చెప్పి, తనిఖీ పుస్తకంలో ఒక వాక్యం రాశారు. నిర్ధారించని విషయాలు పిల్లలకు చెబుతున్నారు, ఈ కార్యక్రమం ఆపాలి, అని. సింధు కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడి ఉందట.

సాయంత్రం దీప ఇంటికొచ్చి టిఫిన్ డబ్బా కడిగి, బోర్లించి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. "రేపటి నుంచి ఫోటో లేదు నాయినా," అని లోపలికి పోయింది.

అనాల్సిన మాటలన్నీ దేవమ్మ అంది. "ముప్పై నాలుగేండ్లు మందివి నూకలు ఏరినవ్. నీ నోట్లె నూక ఏరుకోకపోతివి."

ఇప్పుడు మీతో కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ అద్దాన్ని ఎవరు తోమారో, అసలు తోమారో లేదో నాకు తెలియదు. మా మిల్లు బూడిద ఇటుక బట్టీల దాకా పోయింది, అంతకంటే పైకి లేవలేదు. నేను జల్లెడ పట్టడం కాదు గదా, ఆ గుట్ట దగ్గరికి కూడా పోయేవాణ్ణి కాదు. పోతే తుమ్ములు. ఇలా చెప్పేసరికి ఎంత హాయిగా ఉందో. మొదటే చెప్పి ఉంటే బిడ్డ పది నిమిషాలు బిడ్డకు ఉండేవి.

మా మిల్లులో ఒక కట్టుబాటు ఉండేది. ముద్ర పడిన బస్తాలో తప్పు తేలితే, ముద్ర వేసినవాడే హమాలీలందరి ముందూ కూర్చుని దాని కుట్టు విప్పాలి. పళ్లెం వాడిదే, వేలు వాడిదే. ఇంకొకరు విప్పకూడదు, వాడు మూలకు పోయి ఒంటరిగా విప్పుకోనూ కూడదు. ముప్పై నాలుగేళ్ళలో నేను రెండుసార్లు విప్పాను. రెండుసార్లూ చెవులు కాలిపోయాయి.

మర్నాడు దీప స్కూటీ మీద పోయాక, పెట్టె అడుగు నుంచి నల్ల పళ్లెం తీసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

వీరేశం సారు నన్ను కూర్చోబెట్టారు గానీ ఫ్యాను వేయలేదు. "పెద్దాయనా, మీరు సారీ చెప్తరు, పిల్లలు చప్పట్లు కొడ్తరు. రాసిన రాత పోతదా?"

"రాత పోదు సార్. గని ముద్ర నాది. బస్తా నన్నే విప్పనియ్యండి. పది నిమిషాలు."

మిల్లు కట్టుబాటు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు. ఆ బూడిద మాట తను కూడా నమ్మారట. నమ్మి ఊరుకోకుండా, కోదాడలో బామ్మర్ది ఇంట్లో ఫంక్షనుకు పోయినప్పుడు పదిమందిలో చెప్పారట. వాళ్ళలో ఇద్దరు ఇంజనీర్లట.

"గీ సంగతి పిల్లలకు చెప్పకుండ్రి," అని నన్ను క్లాసుకు పంపారు.

పిల్లలకు చెప్పలేదు. మీకు చెప్పాను.

ఎనిమిదో తరగతిలో దీప నన్ను చూసి కిటికీ వైపు తిరిగింది. టీవీ నల్లగా ఉంది. నేను బల్ల మీద పళ్లెం పెట్టి, తెల్ల కాగితం ముక్కల మీద ఐదు వాక్యాలూ రాయించి, అందులో పరిచాను. నూక ఏరమన్నాను. అందరూ ఒక్కసారే బూడిద ముక్కను చూపించారు.

"అది నిన్నొచ్చిన సారు చెప్పిండు గనక తెలిసింది," అన్నాను. "సారు రాకపోయుంటె ఎట్ల తెలుస్తుండె?"

ఇంగ్లీషులో చూస్తే తెలుస్తుందని ఒకరు, మేడంను అడిగితే తెలుస్తుందని ఇంకొకరు అన్నారు. రెండూ మంచివే. ఫోన్ లేదు, మేడం సెలవు, అప్పుడు? అని అడిగాను. సింధు చివరి బెంచీలో ఉంది. ముందు బెంచీ పిల్ల చివరికి పోయిందని అప్పుడే గమనించాను. నన్ను చూడడం లేదు, పళ్లెంనే చూస్తోంది. కాసేపటికి లేచి వచ్చి, నా వైపు తిరగకుండానే, రెండు ముక్కలు ఏరి పక్కపక్కన పెట్టింది. బంగారు పూత ముక్క ఒకటి, బూడిద ముక్క ఒకటి.

"మా నానమ్మ ఇత్తడి చెంబు బూడిదతోని తోముతది," అంది పళ్లెంతో. "బంగారు పూత గాజులు గట్ల తోమదు. తోమితె పూత పోతది. అద్దానికి బంగారు పూత అని మేడమే చెప్పింది. గీ రెండు మాటలు ఒక్కదాంట్ల ఉండవు."

కిటికీ దగ్గర దీప ఇటు తిరిగింది.

నేను ముప్పై నాలుగేళ్ళు గింజను చూశాను. రెండు గింజలను పక్కపక్కన పెట్టి ఒకదానితో ఇంకొకదాన్ని పట్టుకోవడం నాకెవరూ నేర్పలేదు. ఆ పిల్లకూ ఎవరూ నేర్పలేదు. తండాలో వాళ్ళ నానమ్మ కమలాబాయి చెంబు తోముతుంటే చూసింది, అంతే.

శభాష్ అనబోయాను. సింధు అననివ్వలేదు. అప్పుడు నా మొహం చూసింది.

"నీకు తెలిసే చెప్పినవా తాతా?"

"తెలిసే చెప్పిన బిడ్డా."

"ఎందుకు?"

ఎందుకో నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వించడానికని చెప్పొచ్చు. కానీ నవ్వలేదని గమనించిన మనిషిని కదా నేను. కుట్టు విప్పేటప్పుడు సగం విప్పకూడదు.

"రోజు ఫోటోలు సూస్తున్న. ఎంత దూరం పోయినా, ఎంత పెద్దది సూసినా, మనది ఏం లేదు దాంట్ల. చిటికెడన్న ఉంటె మంచిగుండు అనిపించింది. బూడిదైనా సరే."

సింధు బూడిద ముక్కను చేతిలోకి తీసుకుంది. "నాకు గూడ గట్లనే అనిపించింది," అంది. "గందుకే నమ్మిన."

క్లాసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వీరేశం సారు తలుపు దగ్గర ఎప్పటినుంచి నిలబడ్డారో తెలియదు. గంట కొట్టమని చెప్పి, తన గదిలోకి పోయి, తనిఖీ పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివారట. నిర్ధారించని విషయాలు అని ఉంది. పిల్లలే నిర్ధారిస్తే? ఆ అధికారికి ఫోన్ చేసి గాజుల సంగతి చెప్పారట. ఆయన, "పిల్లలే పట్టుకుంటున్నారా? అయితే ఆపడం దేనికండీ, కానివ్వండి, రాతలో పెట్టి పంపండి," అన్నారట.

రాతలో పెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పొద్దున ఆరింటికి మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. దీప లేచేది, ఫోన్ ముట్టుకునేది కాదు. ఫోటో అక్కడ వస్తూనే ఉంటుంది కదా, చూస్తే ఏం పోయింది అని నేను అడగలేదు. అడిగితే దేవమ్మ చేతిలో గరిటె ఉంది.

రాతలో పెట్టిన పద్ధతి ఇదీ. దీప నాలుగు వాక్యాలు రాస్తుంది. ఇద్దరు పిల్లలు ఇంగ్లీషుతో సరిచూసి సంతకం పెడతారు. నా ఐదోది ఉంటుంది, కానీ గంట కొట్టే లోపు పిల్లలు దాన్ని పట్టుకోవాలి. ఊరికే ఇది అబద్ధం అంటే చెల్లదు. ముందటి నాలుగింటిలో ఏది దాన్ని చంపుతుందో చూపించాలి. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నన్ను వదల్లేదు. నల్ల పళ్లెం ఇంటికి తెచ్చుకుందామంటే సింధు ఇవ్వడం లేదు.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి దీప ఫోన్ తెచ్చి నా చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"ఐదోది జర పైలంగ చెప్పు నాయినా," అంది. అంతే. స్కూటీ ఆ రోజు వేగంగా పోయింది.

ఆ రోజు ఫోటో ఆకాశానిది కాదు. పైనుంచి తీసిన మన భూమిది, చీకటి పడ్డాక. బడికి నేనూ పోయాను, ఎవరూ పిలవకపోయినా. పెద్ద టీవీలో హైదరాబాద్ నిప్పుల కుప్పలా ఉంది. అటు కింద విజయవాడ ఇంకో కుప్ప. రెండింటి మధ్య రోడ్డు వెంట సూర్యాపేట ఒక గింజ, కోదాడ ఒక గింజ, కిందికి కొంచెం పక్కగా మిర్యాలగూడ ఒక గింజ. మూడూ పచ్చగా, నూక కాని నిండు గింజలు. సింధు లేచి వచ్చి టీవీ మీద వేలు పెట్టి, "గిది మనది," అంది.

ఇన్ని చెప్పాక ఇందులో నూక ఏదని మీరు అడుగుతారు. మీరు ఏరే లోపే నేనే తీసి ఇస్తాను. ఆ మూడు గింజలు నా కల్పన. ఫోటో నిజం, హైదరాబాద్ నిజం, విజయవాడ నిజం. మన దిక్కున ఆ రాత్రి మబ్బు కమ్ముకుని ఉంది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఒక్క దీపం కనపడలేదు.

సింధు వేలు పెట్టిన మాట నిజమే. మబ్బు మీద పెట్టింది.